సైంధవ లవణము – లవణ పర్వతముల వయోనిర్ణయము

సైంధవ శబ్దమునకు సింధుదేశమున పుట్టినదని అర్థము. అది ఉప్పునకును గుఱ్ఱమునకును సమానముగ చెల్లుచున్నది. భోజనవేళ సైంధవమును తెమ్మన్నచో ఉప్పనియు, ప్రయాణవేళ తెమ్మన్నచో గుఱ్ఱమనియు గ్రహింపవలయును గదా. శబ్దార్థ నిర్ణయమున ప్రకరణమునకు గల ప్రాధాన్యమును చూపుటకు శాస్త్రకారులు ఈ పదమునే ఉదాహరణముగ గైకొనిరి. ఆంధ్రదేశమున ఉపవాసదినములందును ఔషధములందును వాడుకలోనున్న ఈ యుప్పు ఏ కాలమున పుట్టినదను ప్రశ్నకు సమాధానము చెప్పుటలోను ఈ ప్రకరణమే ప్రధానమైన చిక్కు అయ్యెను. ఆ ప్రశ్నపై మూడు తరముల పండితులు వాదించిరి. వారిలో అల్పులెవ్వరును లేరు. కావున ఆ వాదచరిత్రము తెలిసికొనదగినది.

ఝేలం, సింధు నదుల నడుమ, నేటి పాకిస్తానులోని పంజాబున, లవణ పర్వతశ్రేణి వ్యాపించియున్నది. దీనికి ఉత్తరమున పోఠ్వారు పీఠభూమియు, దక్షిణమున నదీమైదానమును, థల్ అను ఇసుక యెడారియు గలవు. శిఖరములలో ఎత్తైన సకేసరము సుమారు 5,000 అడుగులుండును. వర్షము తక్కువ, చెట్టుచేమలు పలుచన. అందుచే దక్షిణపు వాలున కొండచరియలు కప్పులేక బయల్పడి, పొరపైపొర గ్రంథపత్రములవలె కనబడును. ఈ సౌకర్యముచేతనే ఈ ప్రాంతమును భూగర్భశాస్త్రజ్ఞులు ఒక విద్యాలయముగ భావించిరి.

ఈ కొండలు విద్వాంసులకు పూర్వమునుండి పరిచితములే. ఇచ్చటి నందన దుర్గము కడ 11వ శతాబ్ది ఆదిని అల్బెరూనీ కొండయెత్తును, క్షితిజరేఖ వాలును కొలిచి భూగోళ ప్రమాణమును గణించెను. కటాసరాజ దేవాలయములు ఈ శ్రేణిలోనివే. 1849లో పంజాబు ఆంగ్లేయుల వశమైన పిమ్మట గనుల పని క్రమబద్ధమయ్యెను. 1872లో వార్తు అను పండితుడు ఖేవ్రా గనిలో ప్రధానమైన సొరంగమును త్రవ్వించెను. ఈతడు గనుల పనితో తృప్తినొందక చుట్టునున్న చరియలలో శిలాజములను వెదకినవాడు.

ఖేవ్రా లోయలో పొరల క్రమమిట్లున్నది. అన్నిటికంటె అడుగున ఉప్పును జిప్సమును గల ఎఱ్ఱని మృదుశిల. దానిపై ఊదారంగు ఇసుకరాయి. దానిపై వార్తు కనుగొన్న శిలాజములు గల పొరలు. వానిలోని ఒక జీవికి వాగెను పండితుడు నియోబోలస్ వార్తీ యని అతని పేరే పెట్టెను. ట్రైలోబైటులను ప్రాచీన జలచరముల యవశేషములు గూడ ఆ పొరలలో లభించుటచే, అవి నేటి లెక్కను 50 కోట్ల సంవత్సరములకు పైబడిన కేంబ్రియను యుగమునకు చెందినవని తేలినది. ఇంకను పైని హిమానీనదములు మోసికొనివచ్చిన గుండ్లరాళ్ల పొరయు, సముద్రజీవుల గుల్లలు గల సున్నపురాళ్లును గలవు.

1878లో వైన్ అను భూగర్భశాఖోద్యోగి ఈ పర్వతములపై విపులమైన గ్రంథమును ప్రకటించెను. అడుగుననున్నది ముందు ఏర్పడినది, పైనున్నది తరువాత ఏర్పడినది యనునది భూగర్భశాస్త్రమున మొదటి సూత్రము. దాని ననుసరించి ఉప్పు ఈ శ్రేణిలోని శిలలన్నిటికంటె ప్రాచీనమని ఆయన నిర్ణయించెను.

కాని సందేహములు పొడసూపెను. సింధునదికి ఆవలి కోహాటు ప్రాంతమున గూడ ఉప్పుగనులు గలవు. అచ్చటి ఉప్పు సుమారు 5 కోట్ల సంవత్సరముల నాటి ఈయోసీను యుగమునకు చెందినది. సమీపమున నున్న రెండు ఉప్పులు వేర్వేరు యుగములవగునా? ఇదిగాక, లవణ శ్రేణిలోని శిలలు పెక్కుచోట్ల నలిగి, విరిగి, తలక్రిందులై యున్నవి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున కోకెన్, నోయట్లింగు అను జర్మను పండితులు, ఉప్పు నవీనమనియు, ప్రాచీనశిలలు భూచలనముచే దానిపైకి ప్రాకివచ్చినవనియు వాదించిరి. అట్లైనచో అడుగుననుండుట ప్రాచీనతకు గుర్తు కానేరదు. భూగర్భశాఖలో ఈ పర్వతములను చిరకాలము పరిశీలించిన జీ అను విద్వాంసుడు సయితము 1934లో ఉప్పు ఈయోసీను కాలపుదే యని వ్రాసెను.

ఈ పక్షమునకు గొప్ప బలము చేకూర్చినవాడు ఆచార్య బీర్బల్ సాహ్ని. ప్రాచీన వృక్షశాస్త్రమున ఆయన ప్రతిభ లోకవిదితము; 1936లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందినవాడు. ఆయన ఉప్పు తునుకలను కరగించి, మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. అందు కొయ్యనారలు, ఆకుపొరల ముక్కలు, కీటకావయవములు కనబడెను. కేంబ్రియను యుగమున ఇట్టి వృక్షములు గాని కీటకములు గాని భూమిపై లేవు. ధూళి కలియకుండ ఆయన తగిన జాగ్రత్తలు గైకొనెను. నీట కరగునట్టి ఉప్పులోనేగాక కరగని రాళ్లలోను ఆ ముక్కలు దొరకినవి గావున, అవి తరువాత చొచ్చినవి కావని ఆయన వాదము.

1944, 1945 సంవత్సరములలో ఈ విషయమై రెండు విద్వత్సభలు జరిగెను. అప్పటికి జీ ఖేవ్రా లోయను మరల పరిశీలించియుండెను. ఎఱ్ఱని మృదుశిలకును దానిపై ఇసుకరాయికిని నడుమ త్రోపుడు గుర్తులు లేవనియు, ఒకటి మఱియొకదానిపై సహజముగ పేరుకొన్నదనియు ఆయనకు దృఢపడెను. తాను వ్రాసినదానిని తానే త్రోసిపుచ్చి, ఉప్పు కేంబ్రియను నాటిదని ప్రకటించెను. సాహ్ని తన మతమును వీడలేదు. 1949లో లక్నోలో తాను స్థాపించిన పురావృక్షశాస్త్ర సంస్థ భవనమునకు శంకుస్థాపన జరిగిన వారమునకే ఆయన పరమపదించెను.

తరువాతి పరిశోధనలు వైన్ నిర్ణయమునే సమర్థించినవి. దక్షిణపు మైదానమున భూచలనపు ఒత్తిడి తగులని చోట త్రవ్విన లోతు బావులలోను ఉప్పు కేంబ్రియను పొరల క్రిందనే కనబడెను. సుమారు 54 కోట్ల సంవత్సరములకు పూర్వము, కేంబ్రియను యుగపు అంచున, ఎండిపోవుచున్న సముద్రమున ఈ యుప్పు పేరుకొనెనని నేడు అంగీకరింపబడినది. సాహ్ని చూచిన తునుకలు అసత్యములు కావు. అవి తాళపత్రప్రతులలో తరువాతివారు చేర్చిన ప్రక్షిప్త పద్యములవంటివి. ఉప్పు కరగి మరల గడ్డకట్టు స్వభావము గలది; బీటలగుండ నీరు తెచ్చిన నవీనపదార్థము అందు ఇమిడిపోవును. ప్రక్షిప్తము నిజమైన పద్యమే యైనను, దానినిబట్టి గ్రంథకాలమును నిర్ణయింపరాదు గదా.

జర్మను పండితులు చెప్పిన త్రోపుడును అసత్యము కాదు. దాని స్థానమును మాత్రము వారు పొరబడిరి. త్రోపుడు జరిగినది ఉప్పునకు పైన గాక అడుగున. బరువునకు మెత్తబడి జారు ఉప్పునే ఆధారముగ గొని, పైనున్న శిలాసమూహమంతయు పోఠ్వారుతో గూడ దక్షిణముగ ఇరువది కిలోమీటర్లకు పైగా జరిగి, మైదానపు నూతన మృత్తికపైకెక్కినది. కావుననే ఉప్పు తనపైని శిలలకంటె ప్రాచీనమును, తన క్రింది మన్నుకంటె మిక్కిలి ప్రాచీనమును అయియున్నది.

ఈ వాదమున ఇరుపక్షములవారు చూపిన సాక్ష్యములు యథార్థములే. శిలాజము నిజము, త్రోపుడు నిజము, పొరల క్రమము నిజము. తెగవలసినది ఏ సాక్ష్యము ఏ ప్రకరణమునకు చెందినదను విషయమొక్కటే. శాసనములను, తాళపత్రములను పరిష్కరించువారికిని ఈ చిక్కు నిత్యపరిచితము. అందు జీ పండితుని నడవడి స్మరింపదగినది. ఆయన సూక్ష్మదర్శినిని అవమానింపలేదు. తన పూర్వగ్రంథమును కాపాడుకొనుటకును యత్నింపలేదు. మరల లోయకు పోయి రాతిని చూచెను. సైంధవమునకు అర్థము ప్రకరణముచే తేలినట్లే, దాని వయస్సును అది యున్న తావును చూచుటచేతనే తేలినది.