సెటిల్మెంటు అను మాట



ఆంగ్లము రానివారు సైతము మన పల్లెలలో పలుకు ఆంగ్లపదములలో సెటిల్మెంటు ఒకటి. శిస్తు సెటిల్మెంటు, దావా సెటిల్మెంటు, సెటిల్మెంటు దస్తావేజు అని వాడుచుందురు. మాట యొక్కటియే, అర్థములు పెక్కు. మన చరిత్రమున నీ పదము ధరించిన వేషములను నేడు విన్నవించెదను.

కూర్చుండుట, కుదురుపడుట అనునవి దీని మూలార్థములు. ఇది మన 'సద్' ధాతువునకు జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. సదనము, సదస్సు ఆ ధాతువునుండియే పుట్టినవి. దానికే 'ప్ర' చేరిన ప్రసాదము, 'వి' చేరిన విషాదము. ఆంగ్లపదమునకట్టి ఉపసర్గ లేదు. పలికిన కచేరిని బట్టియే అది కొందఱికి ప్రసాదమును, కొందఱికి విషాదమును అయినది.

తొలుత నది వర్తకుల మాట. ఆంగ్ల కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున దిగి వర్తకశాల నెలకొల్పిరి. తీరమునందలి ఇట్టి స్థావరములే సెటిల్మెంట్లు. యానామును సైతము ఆంగ్లేయులు ఫ్రెంచి సెటిల్మెంటనియే వ్రాసిరి. 1954లో అది ఫ్రెంచివారి యేలుబడినుండి వెడలినది.

పిమ్మట నీ మాట శిస్తు లెక్కలలో జొచ్చినది. 1793లో బంగాళమునను, 1802లో చెన్నపురి రాజధానిలోను జమీందారు చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించిరి. అది శాశ్వత సెటిల్మెంటు. పేష్కషు చెల్లింపలేని వారి యెస్టేట్లు వేలమున కెక్కినవి! రైతువారీ సీమలలోనన్ననో, భూమిని కొలిచి, మన్ను తరగతిని బట్టి వేసిన శిస్తే సెటిల్మెంటు. సామాన్యముగా 30 ఏండ్లకొకసారి దానిని తిరుగదోడెడివారు. ఒకచోట నెన్నటికిని మాఱనిది, వేఱొకచోట మాఱుచుండునది, పేరు మాత్రమొక్కటే.

అన్నిటికంటె కఠినమైన యర్థము వేఱొకటి గలదు. కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన శాసనము 1871లో వెడలినది. 1911నాటి శాసనము మన రాజధానికిని వర్తించినది. దాని ననుసరించి బాపట్ల చెంత స్టూవర్టుపురమున ఎరుకలవారి నుంచిన చోటును సెటిల్మెంటనిరి. అచట హాజరు పలుకవలెను; అనుమతి లేక వెలుపలికి పోరాదు. కుదురుపాటను మాటయే నిర్బంధమైనది! ఆ శాసనము 1952లో దేశమంతట రద్దయినను, నింద వెంటనే తొలగలేదు.

పెద్దలారా, ఇది గతించిన కథ మాత్రమే కాదు. వీలునామా వ్రాసినవాడు తాను జీవించియున్నంత కాలము దానిని రద్దు చేసికొనవచ్చును. సెటిల్మెంటు దస్తావేజున నట్లు గాదు. సాధారణముగా హక్కు అప్పుడే చేతులు మాఱును. ఈ భేద మెఱుగక వ్రేలిముద్ర వేయు వృద్ధులు గలరు. కావున నెవరైనను సెటిల్మెంటను కాగితమును తెచ్చినపుడు, కుదుర్చువారెవరు, కుదురుపడువారెవరు, నిలువ నీడ కోలుపోవువారెవరు అని విచారించి, చదువురాని వారికి విప్పి చెప్పుట అక్షరజ్ఞులైన మీ ధర్మము.