బొంత చెప్పు చరిత్ర

పొందిక లేని పనిని 'అతుకుల బొంత' యని ఈసడించుట మనకు అలవాటు. కాని చరిత్ర నెరుగ గోరువారికి ఆ అతుకులే ఆధారములు. ఇంటిలో ఎవరేమి కట్టిరో, ఏమి పారవేయ మనసొప్పక దాచిరో బొంత చెప్పినట్లు వేరొకటి చెప్పజాలదు.

సంగారెడ్డి జిల్లాలోని కంగ్టి ప్రాంతమునే తీసికొందము. ఇది నారాయణఖేడు సీమ. 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చినది. మూడు భాషల కూడలి యగుటచే ఇచ్చట ఒకే వస్తువునకు మూడు పేర్లు వినవచ్చును. మనము బొంత యన్నదానిని కన్నడిగులు కౌది యందురు. మరాఠీవారు గోధడి యందురు. పేర్లు వేరైనను పని యొక్కటే. పాత చీరలను, ధోవతులను పొరలుగా పరచి, చిరిగినచోట మాసికలు వేసి, అంచు నుండి అంచునకు వరుసకుట్టు వేయుదురు.

ఈ సీమ తాండాలలోని లంబాడీ స్త్రీలు పాతగుడ్డతో తృప్తి చెందలేదు. గవ్వలు, అద్దపు బిళ్ళలు, నాణెములు, చేతికి దొరికినదెల్లను లంగాకు, రవికకు, సంచికి కుట్టిరి. ఇవి వారి కెట్లు దొరికినవి?

లంబాడీల పూర్వులు పెరిక యెడ్లపై ధాన్యమును, ఉప్పును దేశమంతట మోసిన వర్తకులు. 1632లో ఆగ్రా నుండి పట్నాకు పోవుచు పీటర్ మండీ యను ఆంగ్లేయుడు ఒకే బిడారులో 14,000 ఎడ్లు నడచుట చూచి వ్రాసియుంచెను. దక్కనులో దండు వెడలినను వీరి ఎడ్లే తిండి మోసెను. మాల్దీవుల గవ్వ వంగ, ఉత్కళ దేశములలో చిల్లర నాణెముగా చెల్లిన కాలమది. సముద్రము నెరుగని తాండాలో గవ్వ మెరయుటకు ఆ బాటలే కారణము.

1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు నడచెను. ఇట్లు రైళ్ళు వ్యాపించినకొలది పెరిక యెడ్లకు పని తగ్గెను. బిడారులు ఆగినవి, సూది ఆగలేదు. నిజాము నాటి హాలీ సిక్కా 1959లో చెల్లుబాటు కోల్పోయినను ఆడువారి అలంకారముగా విలువ పోగొట్టుకొనలేదు. బజారులో చెల్లని సొమ్ము బట్టపై చెల్లినది!

నేడు మిల్లు దుప్పటి చవుకైనది. పాత బట్టలు స్టీలు గిన్నెల వానికి పోవుచున్నవి. లంబాడీ లంగాల పాత ముక్కలు నగరములలో చేతిసంచులుగా, గోడ అలంకారములుగా మారుచున్నవి. గుడ్డకు మరల బ్రదుకు వచ్చుట మాకును సంతోషమే. ఐతే ముక్క మిగిలి, కుట్టిన చేతి పేరు, తాండా పేరు పోవుట నష్టము. పొరుగున కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చట పనితోపాటు ఊరి పేరును నిలిచినది.

కావున పాఠకులకు మా మనవి యొక్కటే. అటక మీది బొంతను గిన్నెకు మార్చుటకు ముందు నాయనమ్మ నొకమారు అడుగుడు: ఈ మాసిక ఎవరి చీరది? ఈ గవ్వ ఎచ్చటిది? ఆమె చెప్పినది వ్రాసి దాచుడు. బొంత చినిగినను ఆ మాట మిగులును.