గడప దాకా వచ్చిన వైద్యం: డెల్టాలో కుష్టు చికిత్స నడిచిన దారి

కృష్ణా డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ కుష్టును పేరు పెట్టి పిలవరు. ‘పెద్దరోగం’ అంటారు, అదీ గొంతు తగ్గించి. వాళ్ల చిన్నతనంలో ఆ రోగం వచ్చిన మనిషికి ఊళ్లో చోటుండేది కాదు. పశువుల పాకలోనో, ఊరి చివర గుడిసెలోనో వేరే కంచం, వేరే చెంబుతో బతుకు వెళ్లదీయాల్సి వచ్చేది. ఈ రోజు అదే రోగానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. మచ్చలు ఐదు దాకా ఉంటే (తేలిక రకం) ఆరు నెలలు, అంతకు మించితే (తీవ్రమైన రకం) ఏడాది వాడాలి. ఆసుపత్రిలో చేరనక్కర్లేదు, పని మానుకోనక్కర్లేదు, పిల్లల్ని దూరం పెట్టనక్కర్లేదు.

ఆ స్థితి నుంచి ఈ స్థితికి రావడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. ఇందులో ప్రయోగశాలల పాత్ర గొప్పదే. రోగి ఇంటికీ వైద్యానికీ మధ్య దూరాన్ని తగ్గించినవాళ్ల పాత్ర అంతకంటే తక్కువేమీ కాదు. వైద్యం రోగి దగ్గరికి ఒక అడుగు జరిగిన ప్రతిసారీ కుష్టు వెనక్కి తగ్గింది. ఆ అడుగు ఆగినచోట మళ్లీ తల ఎత్తింది.

చట్టం, వెలి, ఆశ్రమం

1873లో నార్వే వైద్యుడు ఆర్మావర్ హాన్సెన్ కుష్టుకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. పూర్వజన్మ పాపమనీ, వంశపారంపర్యమనీ అంటున్న రోగానికి ఒక క్రిమి కారణమని తేలడం పెద్ద విషయమే. అయితే మందు లేని రోజుల్లో ఆ జ్ఞానం భయాన్ని పెంచింది. 1897లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం రోగులను వేరుచేయడమే మార్గమని చెప్పింది. మరుసటి ఏడాది, 1898లో, మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం లెపర్స్ చట్టం తెచ్చింది. దిక్కులేని రోగిని పోలీసులు వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమానికి తరలించవచ్చు. తినుబండారాలు అమ్మడాన్ని, ఊరుమ్మడి బావిలో నీళ్లు తోడుకోవడాన్ని, బాడుగ బండి ఎక్కడాన్ని నిషేధించవచ్చు. రైలు పెట్టెకు మాత్రం ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. 1916లో రేపల్లెకు రైలు వచ్చింది. చట్టం ప్రకారం చూస్తే, రేపల్లె రోగి తెనాలి దాకా రైల్లో వెళ్లవచ్చు గాని, స్టేషన్ బయట జట్కా ఎక్కే హక్కును మాత్రం ఒక్క ఉత్తర్వుతో తీసేయవచ్చు.

ఆ కాలంలో కుష్టు రోగిని ముట్టుకుని కట్టు కట్టినవాళ్లలో మిషనరీలు ముఖ్యులు. నిజాం రాజ్యంలోని డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ 1915 ప్రాంతంలో కుష్టు ఆశ్రమాన్ని నెలకొల్పింది. మన తీరంలో ఆ పని క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ చేసింది. ఆ సంస్థే బాపట్లలో ఎవాంజెలిన్ బూత్ కుష్టు ఆసుపత్రిని నడిపింది. ఇంట్లోవాళ్లే ముఖం తిప్పుకున్న మనిషికి అలాంటి చోట పడక, తిండి, పుండుకు కట్టు దొరికాయి. అది చిన్న మేలు కాదు. కాని ఆ మేలు అందాలంటే మనిషి ఊరు వదలాలి, భార్యాబిడ్డలను వదలాలి. అందుకే చాలామంది మచ్చను పంచె కింద, చీర కొంగు కింద దాచుకుని, ఇక దాచలేని రోజున మాత్రమే ఆసుపత్రి గుమ్మం తొక్కేవారు. అప్పటికి వేళ్లు వంకర్లు పోయి ఉండేవి.

నీరడి గింజల నుంచి మాత్ర దాకా

మందంటూ అప్పుడున్నది ఒక్క నూనె. అడవిబాదం జాతికి చెందిన నీరడి గింజల నుంచి తీసేది. సుశ్రుత సంహితలో ‘తువరక’ పేరుతో దీని ప్రస్తావన ఉంది. ఇంగ్లిషు వైద్యులు దీన్నీ దీని జాతి నూనెలనూ కలిపి చాల్‌మూగ్రా అన్నారు. తాగితే కడుపులో తిప్పేది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ దాని నుంచి సూదిమందు తయారుచేసి వాడారు. వారం వారం సూదులు పొడిపించుకోవాలి, ఏళ్ల తరబడి. పొడిచినచోట గడ్డలు కట్టేవి. కొందరికి మచ్చలు తగ్గేవి, చాలామందికి తిరగబెట్టేవి.

అసలు మలుపు 1941లో అమెరికాలో వచ్చింది. లూసియానా రాష్ట్రం కార్విల్‌లో గై ఫాజెట్ సల్ఫోన్ మందు ప్రోమిన్‌ను రోగులకు ఇచ్చి చూశాడు. అది నరానికి ఎక్కించాల్సిన మందు, ఖరీదూ ఎక్కువే. దాని మూలపదార్థమైన డాప్సోన్ చౌకది, కాని విషమని భయపడ్డారు. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కోక్రేన్ దాన్ని సూదిమందుగా వాడి చూశాడు. నైజీరియాలో జాన్ లో అనే వైద్యుడు కొద్దిపాటి మోతాదులో మాత్రగా ఇస్తే చాలని 1940ల చివర్లో నిరూపించాడు. ఈ జాన్ లో తన కుష్టు వైద్యం మొదలుపెట్టింది మన డిచ్‌పల్లి ఆసుపత్రిలోనే. తెలుగు నేల మీద రోగుల మధ్య నేర్చుకున్న పని ఆఫ్రికాలో ఫలించి, మళ్లీ మన పల్లెలకు కొద్దిపాటి ఖర్చుతో దొరికే మాత్రగా తిరిగి వచ్చింది.

వైద్యం నడక నేర్చింది

మాత్ర వచ్చాక గోడల అవసరం పోయింది. గాంధీ స్మారక కుష్టు నిధి 1951 నుంచి వార్ధా ప్రాంతంలో ఒక పద్ధతి రూపొందించింది: ఇంటింటికీ తిరిగి రోగిని వెతకడం, జనానికి నచ్చజెప్పడం, ఊళ్లోనే మందు ఇవ్వడం. 1955లో బెల్జియం వైద్యుడు ఫ్రాన్స్ హెమరిక్స్ తమిళనాడులోని పొలంబాక్కంలో చెట్ల కిందే ఆసుపత్రి పెట్టాడు. అదే ఏడాది జాతీయ కుష్టు నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

తెనాలి కేంద్రంగా పనిచేసిన గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ ఎడ్యుకేషన్ స్కీమ్ సొసైటీ ఈ ధోరణికి చెందినదే. ‘గ్రెట్నాల్టెస్’ అన్నది దాని పొట్టి పేరు. బాపట్ల ఆసుపత్రి మంచం చూపిస్తే, తెనాలి పద్ధతి పల్లెకు బయల్దేరింది. ఈ రెండూ కలిస్తేనే చికిత్స పూర్తవుతుంది. పుండు పడిన కాలికి మంచం కావాలి, మొదటి మచ్చకు ఇంటికొచ్చే మనిషి కావాలి.

ఆ వచ్చిన మనిషి చేసే పరీక్ష చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. పగటి వెలుతురులో చర్మమంతా చూస్తారు. పాలిపోయినట్టో, రాగిరంగులోనో మచ్చ కనబడితే, రోగిని కళ్లు మూసుకోమంటారు. బాల్‌పెన్ మొనతో చర్మాన్ని ఒకచోట తాకి, ‘ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించు’ అంటారు. మామూలు చర్మం మీద వేలు తడుముకోకుండా అక్కడికే వెళుతుంది. మచ్చ మీద తాకితే మనిషి కదలకుండా కూర్చుంటాడు, ఇంకా తాకలేదనుకుంటాడు. ఆ తర్వాత మోచేతి వెనక ఎముక పక్కన నరాన్ని వేలితో తడిమి చూస్తారు. లావెక్కి తాడులా తగిలినా, నొక్కితే నొప్పి పుట్టినా జాగ్రత్త పడాలి. పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ఓపిక, అలవాటైన వేళ్లు, రోగికి నమ్మకం కలిగించే మాట ఉంటే చాలు.

మూడు మందుల కాలం

ఒక్క డాప్సోన్‌తో నెట్టుకొచ్చిన రోజులు ఎక్కువకాలం సాగలేదు. మందుకు లొంగని క్రిమి పుట్టిందని 1964లో మలేసియాలో రుజువైంది. తర్వాత ఏళ్లలో మన దేశంలోనూ ఆ సమస్య కనబడింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు తీవ్రమైన రకానికి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ మూడూ కలిపి, తేలిక రకానికి రిఫాంపిసిన్, డాప్సోన్ రెండూ కలిపి ఇవ్వాలని సూచించారు. దీన్నే ఎండీటీ అంటారు. 1983లో మన కార్యక్రమం పేరులో నియంత్రణ స్థానంలో నిర్మూలన వచ్చి చేరింది.

ఎండీటీ అట్టలో ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు వరుసగా ఉంటాయి. నెలకోసారి వేసే పెద్ద మోతాదును ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. అందులో రిఫాంపిసిన్ 600 మిల్లీగ్రాములు ఉంటుంది. మిగతావి ఇంట్లో రోజూ వేసుకోవాలి. రిఫాంపిసిన్ వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది. ముందే చెప్పకపోతే రోగి హడలిపోయి మందు మానేస్తాడు. నలుపు చూసి ఊరు రోగాన్ని పసిగడుతుందనే బెంగతో మానేసేవాళ్లూ ఉంటారు. అందుకే మాత్ర ఇచ్చే చేయి నాలుగు మాటలు కూడా చెప్పాలి.

తీవ్రమైన రకానికి మొదట రెండేళ్లు, 1990ల చివరి నుంచి ఏడాది పాటు చికిత్స సరిపోయింది. జాబితాల్లోంచి పేర్లు వేగంగా తగ్గాయి. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ రోగులున్నారని లెక్క తేలి, ప్రజారోగ్య సమస్యగా కుష్టు తొలగిందని ప్రకటించారు.

క్రిమి చచ్చింది, చేయి తిరిగి రాలేదు

మందు క్రిమిని చంపుతుంది. చచ్చుబడిన నరాన్ని బతికించదు. ఈ సంగతి డెల్టాలో మరీ బాధగా కనబడుతుంది, ఎందుకంటే ఇక్కడి పనులన్నీ చేతుల మీద, పాదాల మీద నడిచేవి. దమ్ము చేసిన మడిలో ఉత్తకాళ్లతో నాట్లు వేసే కూలికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. పొయ్యి మీద గిన్నె దించే ఇల్లాలికి వేళ్లు కాలినా తెలియదు. నిజాంపట్నం వైపు వల లాగే చేతిని తాడు కోసినా తెలియదు. నొప్పి తెలియక పుండు ముదిరి, ఎముక దాకా పోతుంది.

రాయవెల్లూరులో శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1940ల చివర్లో వంకర్లు పోయిన వేళ్లను కండరపు స్నాయువుల మార్పిడితో చక్కదిద్దడం మొదలుపెట్టాడు. కుష్టు వల్ల వేళ్లు వాటంతటవే రాలిపోవని, స్పర్శ లేక తగిలే దెబ్బలే కారణమని చాటిచెప్పాడు. మెత్తని రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు అలా వచ్చినవే. రోజూ పాదాలను నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని రాయితో రుద్ది, నూనె రాసి, గాయముందేమో కళ్లతో వెతుక్కునే అలవాటు కూడా అప్పటి నుంచి వచ్చిన వైద్యమే.

నరాల వాపుకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎంతకాలం ఇవ్వాలన్నది చాలాకాలం తేలలేదు. ఇరవై వారాలు, ముప్పై రెండు వారాలు పోల్చిన టెన్‌లెప్ అధ్యయనం భారత్‌తో పాటు పొరుగు దేశాల్లోనూ జరిగింది. పొడిగించడం వల్ల అదనపు మేలు లేదని 2017లో వెల్లడైంది. స్టెరాయిడ్ తక్కువగా వాడే ప్రతి వారమూ రోగికి లాభమే. నరాల వాపుతో పాటు కుష్టు రోగులకు వచ్చే మరో రియాక్షన్ ఈఎన్‌ఎల్ (ఎరిథీమా నోడోసమ్ లెప్రోసమ్). జ్వరం, నొప్పి గడ్డలతో ఏళ్ల తరబడి వేధిస్తుంది. దానికి మెతోట్రెక్సేట్ పనికొస్తుందేమోనని మన దేశంతో సహా పలుచోట్ల పరీక్షలు చేపట్టారు. ఈ మందు 1940ల చివర్లో లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో రూపుదిద్దుకుంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త చేతిమీదుగా వచ్చిన కేన్సర్ మందు, గోదావరి, కృష్ణా పల్లెల పాత రోగానికి ఉపయోగపడుతుందా అని వెతకడం తెలుగువాళ్లు గర్వపడాల్సిన విషయం.

గెలిచామనుకున్న తర్వాత

2005 ప్రకటన తర్వాత ఇంటింటి వెతుకులాట సన్నగిల్లింది. కుష్టు పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసింది. మచ్చను చూడగానే పోల్చే పాత కార్యకర్తలు పదవీ విరమణ చేశారు. 2016లో జరిపిన కేసుల గాలింపులో మరుగున ఉన్న రోగులు వేల సంఖ్యలో బయటపడ్డారు. 2023లో ప్రపంచమంతటా దాదాపు 1.8 లక్షల కొత్త కేసులు నమోదైతే, అందులో సగానికి పైగా మన దేశంవే. క్రిమి ఒంట్లో చేరిన తర్వాత మచ్చగా బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. పిల్లల్లో మచ్చ కనబడిందంటే, ఆ చుట్టుపక్కల చికిత్స అందని పెద్దవాళ్లు ఉన్నట్టే లెక్క.

అందుకే ఇటీవలి పరిశోధన రోగి కుటుంబం మీద దృష్టి పెట్టింది. బంగ్లాదేశ్‌లో వెయ్యిమందికి పైగా రోగుల చుట్టూ ఉన్న 21 వేల పైచిలుకు మందితో జరిగిన కోలెప్ అధ్యయనంలో ఒకే ఒక్క మోతాదు రిఫాంపిసిన్ మొదటి రెండేళ్లలో రోగం వచ్చే అవకాశాన్ని 57 శాతం తగ్గించింది. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది, మన కార్యక్రమమూ తీసుకుంది. అయితే ఆ మోతాదు ఇవ్వాలంటే ‘నాకు కుష్టు ఉంది’ అని రోగి ఇరుగుపొరుగుకు తెలియనివ్వాలి. సిగ్గు ఉన్నచోట ఆ మాత్ర పని చేయదు. ఇక 2025 ఏప్రిల్ నుంచి దేశంలో తేలిక రకానికి కూడా మూడు మందులే ఇస్తున్నారు.

చట్టాలూ ఆలస్యంగానైనా కదిలాయి. 1898 చట్టాన్ని 2016లో రద్దు చేశారు. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తొలగించారు.

ఇక మన మూడు పట్టణాల సంగతి. 2022లో జిల్లాల విభజనతో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. రోగి కూలి పనికి జిల్లా దాటితే అతని చికిత్స వివరాలు కూడా వెంట వెళ్లేలా చూడాలి. ఆశా కార్యకర్తకు సర్వే రోజున వేరే పని పెట్టకూడదు, మచ్చను తాకి పరీక్షించడం ఆమెకు ఏటేటా నేర్పాలి. చికిత్స పూర్తయిందని పేరు కొట్టేసిన మనిషికి చెప్పులు, కట్టు సామాను, కంటి పరీక్ష జీవితాంతం అందాలి. క్రిమిని చంపడం మనకు నలభై ఏళ్లుగా తెలుసు. నరం చచ్చేలోపే ఆ ఇంటికి చేరడం మీదే ఇక మన వైద్యం విలువ తేలుతుంది. మన ఇంట్లో ఎవరికైనా స్పర్శ లేని మచ్చ కనబడితే, ఈ వారమే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్దాం.