ఓటమి లేని రిజిస్టరు: లూయిస్, మార్సియానో, అలీలలో ఎవరు గొప్ప?

లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే రోజుల్లో మన సంఘం ఆఫీసులో జరిగే వాదోపవాదాలు సభ్యులందరికీ తెలిసినవే. డి.ఏ. బకాయిలతో మొదలై ఎక్కడెక్కడో తేలుతుంటాయి. ఈసారి బాక్సింగ్ దగ్గర తేలాయి. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మిత్రులొకరు మనవడి సెల్‌ఫోనులో చూసిన లెక్కలను తెల్లకాగితం మీద గళ్ళు గీసి మరీ రాసుకొచ్చారు. రాకీ మార్సియానో: పోటీలు 49, గెలుపులు 49, ఓటములు సున్నా. జో లూయిస్: పోటీలు 69, గెలుపులు 66, ఓటములు 3. ముహమ్మద్ అలీ: పోటీలు 61, గెలుపులు 56, ఓటములు 5.

"ఇంక వాదన దేనికండీ? కూడికా తీసివేతా వచ్చిన వాడెవడైనా మార్సియానోయే గొప్ప అంటాడు" అన్నారాయన.

ట్రెజరీవారికి అంకె సరిపోతే చాలు. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ముప్పై మూడేళ్ళు సర్వీసు రిజిస్టర్లు రాసినవాడిని. రిజిస్టరులో ఏమి ఎక్కుతుందో, ఏమి ఎక్కదో కొంత తెలుసు. ఒక్క మెమో కూడా లేని రిజిస్టర్లు చూశాను. అందులో కొందరు నిజంగా మచ్చలేని మనుషులు, కొందరు సర్వీసంతా లూప్‌లైనులో గడిపినవారు. అందువల్ల ఆ సున్నాను కాస్త తిప్పి చూద్దామన్నాను. ఆనాటి వాదన ఇప్పుడు ఈ ప్రత్యేక సంచికకు ఎక్కింది.

ముందు మార్సియానో సంగతి. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్ అనే పట్టణంలో 1923లో పుట్టాడు. హెవీవెయిట్లలో పొట్టివాడు, బరువు 84, 85 కిలోలకు మించదు. 49 గెలుపుల్లో 43 నాకౌట్లు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో జెర్సీ జో వాల్కాట్ మీద ఛాంపియన్‌షిప్ గెలిచిన తీరు ఎవరూ కాదనలేనిది. మొదటి రౌండులోనే కింద పడ్డాడు. పన్నెండు రౌండ్లయ్యేసరికి న్యాయనిర్ణేతలు ముగ్గురి కాగితాల్లోనూ వెనుకబడి ఉన్నాడు. పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి గుద్దుతో వాల్కాట్‌ను పడగొట్టాడు. ఆ తర్వాత ఆరుసార్లు టైటిల్ నిలుపుకొని 1956 ఏప్రిల్‌లో, 32 ఏళ్ళ వయస్సులో విరమించుకున్నాడు. మళ్ళీ బరిలోకి రమ్మని డబ్బు ఆశ చూపినవారు ఉన్నా వెళ్ళలేదు. ఆ నిగ్రహం మాత్రం గొప్పదే.

కానీ అతను ఓడించిన పెద్ద పేర్ల వయస్సులు చూడండి. వాల్కాట్‌కు అప్పటికి 38. జో లూయిస్‌తో 1951లో తలపడినప్పుడు లూయిస్‌కు 37. చివరి పోటీలో ఎదురైన ఆర్చీ మూర్ పుట్టింది 1913లో అని తల్లి అనేది, 1916లో అని అతను అనేవాడు. (పుట్టినతేదీ మార్పు కోసం పెట్టే దరఖాస్తులు మన ఆఫీసులకే పరిమితం కాదన్నమాట.) ఎవరి మాట నమ్మినా 1955 సెప్టెంబరు 21న మూర్‌కు 38కి తక్కువ లేదు. ఆ మూర్ కూడా రెండో రౌండులో మార్సియానోను ఒకసారి కింద పడేశాడు. ఇది మార్సియానో తప్పని అనను. తన కాలంలో ఉన్నవాళ్ళతోనే ఎవరైనా పోరాడగలరు. కాకపోతే ఆ సున్నాలో అతని పిడికిలి బలంతోపాటు ఎదుటివారి వయస్సు కూడా కలిసి ఉంది.

ఇక జో లూయిస్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1914లో అలబామాలో పత్తి చేల మధ్య పుట్టిన నల్లజాతి పిల్లవాడు, డెట్రాయిట్‌లో పెరిగాడు. 1915లో జాక్ జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక 22 ఏళ్ళపాటు ఏ నల్లవాడికీ హెవీవెయిట్ టైటిల్ కోసం పోటీపడే అవకాశమే ఇవ్వలేదు. ఆ తలుపు తెరిచినవాడు లూయిస్. 1936లో జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ చేతిలో పన్నెండో రౌండులో నాకౌటయ్యాడు. అతని రిజిస్టరులో మొదటి ఎర్ర సిరా గీత అదే. మరుసటి ఏడు జూన్ 22న షికాగోలో బ్రాడక్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. అయినా ష్మెలింగ్ బాకీ తీర్చేదాకా తాను ఛాంపియన్‌నని అనుకోనన్నాడు. సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, న్యూయార్కు యాంకీ స్టేడియంలో దాదాపు 70 వేల మంది ముందు ఆ బాకీ తీర్చాడు. పట్టిన సమయం 124 సెకన్లు. ఎదుట ఉన్నది హిట్లరు తన గొప్పగా చెప్పుకొంటున్న మనిషి. ఆ రెండు నిమిషాలు రిజిస్టరులో "ఒక గెలుపు" అనే ఎక్కాయి, ఎవడో అనామకుడిని పడగొట్టిన రోజు ఎక్కినట్టే!

1937 నుంచి 1949 దాకా, 11 సంవత్సరాల 8 నెలలు లూయిస్ ఛాంపియనే. 25 సార్లు టైటిల్ నిలుపుకొన్నాడు. హెవీవెయిట్లలో ఈ రెండు లెక్కలనూ దాటినవారు లేరు. ఆ 25 పోటీల ప్రత్యర్థుల్లో బలహీనులూ ఉన్నారు. 1941 ప్రాంతంలో నెలకొకరు చొప్పున వచ్చినవారిని చూసి పత్రికలవాళ్ళు వెక్కిరించారు కూడా. 1947 డిసెంబరులో వాల్కాట్ అతన్ని రెండుసార్లు కింద పడేశాడు. ఓడిపోయాననుకుని లూయిస్ నిర్ణయం వినకుండానే బరి దిగిపోబోయాడు, నిర్ణయం మాత్రం అతనికే వచ్చింది. అంటే గెలుపు గడిలో ఉన్నవన్నీ గెలుపులని కూడా అనలేం. మరుసటి ఏడు అదే వాల్కాట్‌ను పదకొండో రౌండులో నాకౌట్ చేసి అనుమానం తీర్చాడు.

1949 మార్చిలో విరమించేనాటికి లూయిస్ లెక్క 58 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి. అది కూడా తీర్చుకున్న ఓటమి. అక్కడితో ఆపి ఉంటే మా మిత్రుని కాగితంలో ఎవరు పైన ఉండేవారు? మరి ఎందుకు ఆపలేదంటే, ఆదాయపు పన్ను.

అమెరికా యుద్ధంలో దిగిన కొత్తలో, 1942 జనవరిలో, లూయిస్ ఒక పోటీలో వచ్చిన తన సొమ్మును నౌకాదళ సంక్షేమ నిధికి ఇచ్చేశాడు. నల్లవారిని వంటశాల, భోజనశాల పనులకు తప్ప తీసుకోని నౌకాదళం అది. మార్చిలో మరో పోటీ సొమ్మును సైన్యానికి ఇచ్చాడు. తానూ సైన్యంలో చేరాడు. పన్నులవాళ్ళు ఆ దానాలను కూడా అతని ఆదాయంగానే లెక్కగట్టారు. చేతికి ఎముక లేని మనిషి, చుట్టూ సరైన లెక్కలు రాసేవాళ్ళు లేరు. 1950 నాటికి బాకీ ఐదు లక్షల డాలర్లు దాటింది. దానిమీద వడ్డీ. ఆ బాకీ కోసం 36వ ఏట మళ్ళీ బరిలోకి దిగి ఎజార్డ్ చార్లెస్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. తర్వాతి ఏడు అక్టోబరు 26న మార్సియానో అతన్ని ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. చిన్ననాటినుంచి లూయిస్‌ను ఆరాధించిన మార్సియానో ఆ రాత్రి ఏడ్చాడని అంటారు. మార్సియానో 49లో అదీ ఒకటి. లూయిస్ 3లో అదీ ఒకటి.

ఇది చెప్పినప్పుడు మా మిత్రులు కాసేపు మాట్లాడలేదు. పెన్షను విలువ ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బాక్సర్ల ఉద్యోగం పెన్షను లేని ఉద్యోగం. కాలిఫోర్నియా రాష్ట్రం తమ దగ్గర ఆడిన బాక్సర్లకు ఒక పెన్షను నిధి పెట్టింది 1982లో. లూయిస్ అప్పటికే లేడు.

అలీ విషయానికి వస్తే మన భాషలోనే చెప్పుకోవచ్చు. 1967 మార్చి నాటికి 29 పోటీలు, 29 గెలుపులు, వయస్సు 25. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ తీసేశారు, లైసెన్సులు రద్దు చేశారు. 1970 అక్టోబరు 26న అట్లాంటాలో మళ్ళీ బరిలోకి దిగేదాకా మూడున్నరేళ్ళు 'డైస్ నాన్'. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టివేసింది. మన దగ్గరైతే సస్పెన్షను కాలాన్ని డ్యూటీగా పరిగణించి బకాయిలు ఇప్పించుకునేవాళ్ళం. బాక్సరుకు 25 నుంచి 28 దాకా వయస్సును ఏ కోర్టు ఇప్పిస్తుంది? లూయిస్‌కు యుద్ధకాలంలోనూ అలాంటి ఖాళీయే ఉందని మా మిత్రులు గుర్తుచేశారు. నిజమే, ఒప్పుకున్నాను.

తిరిగి వచ్చాక జో ఫ్రేజియర్ చేతిలో 1971లో, కెన్ నార్టన్ చేతిలో 1973లో ఓడాడు. ఆ ఇద్దరినీ జార్జ్ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలో ముగించేశాడు. కూడికలూ తీసివేతలే ప్రమాణమైతే ఫోర్‌మన్ ముందు అలీ నిలబడకూడదు. 1974 అక్టోబరు 30న జైర్ దేశంలోని కిన్షాసాలో, 40 పోటీల్లో ఓటమి ఎరుగని ఫోర్‌మన్‌ను 32 ఏళ్ళ అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మరుసటి ఏడు అక్టోబరు 1న మనీలాలో ఫ్రేజియర్‌తో పద్నాలుగు రౌండ్లు. ఆ రోజుకు అలీ లెక్క ఎంతో తెలుసా? 49 గెలుపులు, 2 ఓటములు. మార్సియానో గెలుపులెన్నో అన్నే. ఆ రెండు ఓటములూ అప్పటికే తీర్చుకున్నవి.

మిగిలిన మూడు ఓటములూ 36 ఏళ్ళు దాటాక వచ్చినవే. 1978లో లియాన్ స్పింక్స్ చేతిలో ఓడి, అదే ఏడు తిరిగి గెలిచి మూడోసారి ఛాంపియన్ అయ్యాడు. 1980లో లారీ హోమ్స్, 1981లో ట్రెవర్ బెర్బిక్. ఆ రెండు పోటీలూ జరగవలసినవి కావు. అలాగని అలీ గెలుపులన్నీ కడిగిన ముత్యాలనీ అనను. 1976లో జిమ్మీ యంగ్ మీద, నార్టన్ మీద మూడోసారి వచ్చిన నిర్ణయాలు ఈనాటికీ చాలామందికి మింగుడుపడవు. 1980లో అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు చూడటానికి నా దగ్గర రైలు ఛార్జీ ఉంది గాని సెలవు లేదు. ఆ బాధ ఇంకా ఉంది, అందుచేత నా తీర్పులో కొంచెం పక్షపాతం ఉందనుకోండి.

వీళ్ళను కలిపి ఆడించాలనే కోరిక కొత్తది కాదు. 1967లో 'ది రింగ్' పత్రికలో తాను అలీని ఎలా ఓడించేవాడో లూయిస్ తన పేరుతోనే రాశాడు. 1969లో ఒక రేడియో నిర్మాత మార్సియానోను, అలీని పిలిపించి ఉత్తుత్తి పోటీ చిత్రీకరించాడు. మార్సియానో బరువు తగ్గి, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఎవరు గెలిచారో కంప్యూటరు చెప్తుందన్నారు. సినిమా విడుదలయ్యేలోగా, ఆగస్టు 31న, 46వ పుట్టినరోజుకు ముందురోజు, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరిలో అమెరికాలో చూపిన సినిమాలో మార్సియానో పదమూడో రౌండులో గెలిచాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచాడు. కంప్యూటరుకూ స్థానిక పరిస్థితులు తెలుసన్నమాట!

49 అనే అంకెకు పట్టిన మోజు కూడా చిత్రమైనదే. లారీ హోమ్స్ 48 దాకా వెళ్ళి 1985 సెప్టెంబరు 21న, మార్సియానో ఆఖరి పోటీ జరిగి సరిగ్గా ముప్పై ఏళ్ళు నిండిన రోజున ఓడిపోయాడు. ఫ్లాయిడ్ మేవెదర్, అతను హెవీవెయిట్ కాదు, 2017లో 50 పూర్తిచేశాడు. ఆ యాభైయవ ప్రత్యర్థి మెక్‌గ్రెగర్‌కు వృత్తి బాక్సింగులో అదే మొదటి పోటీ! అంకె మాత్రం 50 అనే ఉంటుంది.

నా లెక్క ఇది. మంచి వయస్సులో ఉన్న బలవంతులను ఎవరు ఎక్కువమందిని ఓడించారన్నది చూస్తే అలీ ముందు. లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్ ముగ్గురినీ ఓడించినవాడు మరొకడు లేడు. ఎంతకాలం నిలబడ్డాడన్నది చూస్తే లూయిస్ ముందు, అతనికీ అలీకీ మధ్య దూరం నేను బల్లగుద్ది చెప్పేంత లేదు. మార్సియానో మూడోవాడు. మన రాష్ట్రంలో 1983లో పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఒక్కసారిగా ఇళ్ళకు వెళ్ళినవారు పక్క కుర్చీలో మిగిలినవారికంటే తక్కువ పనివారు కారు, ఎక్కువ పనివారూ కారు. ఎప్పుడు ఆగారన్నది వేరు, ఎలా పనిచేశారన్నది వేరు.

లూయిస్ చివరి రోజుల్లో లాస్ వెగాస్‌లోని ఒక పెద్ద హోటల్లో వచ్చేపోయేవారికి స్వాగతం చెప్పే ఉద్యోగం చేశాడు. 1981 ఏప్రిల్ 11 రాత్రి చక్రాల కుర్చీలో కూర్చుని అక్కడే ఒక ఛాంపియన్‌షిప్ పోటీ చూశాడు. ఆడుతున్నది హోమ్స్, బెర్బిక్. అలీని చివరగా ఓడించిన ఇద్దరూ వాళ్ళే, అందులో బెర్బిక్ పోటీ అప్పటికింకా జరగలేదు. మర్నాడు లూయిస్ చనిపోయాడు. సైనిక లాంఛనాలతో ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. అంత్యక్రియల ఖర్చులో కొంత భరించినవాడు మాక్స్ ష్మెలింగ్.

మా మిత్రులు ఆ కాగితంలో ఇప్పుడు ఇంకొక గడి గీశారు, 'ప్రత్యర్థి వయస్సు' అని. మార్సియానో పేరు మాత్రం ఇంకా పైనే ఉంది.