జిజ్ఞాసకు వృత్తి

విద్యాదాన చరిత్రమున క్రీ. శ. 1261 నాఁటి మల్కాపుర శాసనము ముఖ్యమైనది. గణపతిదేవుఁడు వాగ్దానము చేసిన మందడ గ్రామమును రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యుల కొసంగెను. వేదత్రయమును బోధించుటకు మువ్వురును, తర్కసాహిత్యాగమములను వ్యాఖ్యానించుట కైదుగురును నియుక్తులైరి. భూమి యాదాయమున విద్యార్థుల పోషణమునకును భాగ మేర్పడెను. ఇందుఁ గ్రమము గమనింపఁదగును: వృత్తి ముందు, విద్య పిదప.

‘జ్ఞా’ ధాతువుపై ఇచ్ఛార్థమున ‘సన్’ వచ్చి ‘జిజ్ఞాస’ యైనది. తెలియుట వేఱు, తెలియఁగోరుట వేఱు. తెలంగాణ కళాశాలా విద్యాశాఖ ఈ పేరనే డిగ్రీ విద్యార్థుల పరిశోధనములకుఁ బోటీలు నెలకొల్పినది. ఇది ప్రశంసార్హమే. కాని బహుమానము పని ముగిసిన పిమ్మటఁ గొందఱికే లభించును. వ్యయము మొదటనే యందఱికిఁ గలుగును.

బడంగ్‌పేటకు దవ్వుగాని చైతన్యపురిలో, మూసీతీరపు శిలపై, గోవిందరాజ విహారమును పేర్కొను విష్ణుకుండి కాలపుఁ బ్రాకృతశాసన మున్నది. దాని నకలు తీయఁగోరు విద్యార్థికిఁ గాగితము, సిరా, దారిబత్తెము కావలయును. అవి లేనివాని జిజ్ఞాస యిచ్ఛగానే మిగులును. శిలాక్షరము లరుగక మున్నే యట్టివానికి వృత్తి కల్పించుట విశ్వవిద్యాలయముల ధర్మము. మల్కాపుర దాతల క్రమము నేఁటికిని గ్రాహ్యము.