బాంబు ఇల్లు, మన పెంటలు

సికింద్రాబాద్ పక్కన బేగంపేటలో ఒక పాత బంగ్లా ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారని చెబుతారు. రాస్ రాసి పెట్టాడు కాబట్టి ఆ రోగి పేరు మిగిలింది. రాయకపోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికాలోని ఇంకో ఇంటి కథ చూడాలి.

న్యూ మెక్సికో ఎడారిలో 1913లో ఫ్రాంజ్ ష్మిట్ అనే జర్మనీ వలసదారు మట్టి ఇటుకలతో ఒక ఇల్లు కట్టుకున్నాడు. తరువాత అది పశువులు పెంచుకునే మెక్‌డొనాల్డ్ కుటుంబం చేతికి వచ్చింది. 1942లో సైన్యం బాంబుల సాధన కోసం ఆ ప్రాంతాన్ని తీసుకుని వాళ్లను ఖాళీ చేయించింది. 1945 జూలైలో శాస్త్రవేత్తలు ఆ ఇంటి పడకగదిని దుమ్ము లేకుండా తుడిచి, తొలి అణుబాంబుకు గుండెకాయ వంటి ప్లుటోనియం గోళాన్ని అక్కడ కూర్చారు. జూలై 16 తెల్లవారుజామున 5.29కి, ఇంటికి రెండు మైళ్ల దూరంలో, నూరడుగుల టవరు మీద బాంబు పేలింది. కిటికీలు పగిలాయి. గోడలు నిలిచాయి.

దాదాపు నలభై ఏళ్లు ఆ ఇల్లు పాడుబడి ఉంది. 1982లో సైన్యం అది కూలకుండా కాపాడింది. 1984లో అక్కడి జాతీయ ఉద్యానవనాల శాఖ దాన్ని 1945 జూలై నాటి రూపానికి తెచ్చింది. వేరే తలుపు వాడండి, ఈ గది శుభ్రంగా ఉంచండి అని అప్పట్లో తలుపు మీద రాసిన మాటలు కూడా చరిత్రకెక్కాయి.

ఆ గాలి వీచిన పల్లెల మాట మాత్రం ఎక్కలేదు. టులరోసా లోయ జనానికి ముందుగా ఎవరూ చెప్పలేదు. పేలాక, మందుగుండు గోదాము పేలిందని అబద్ధం చెప్పారు. 1990లో నష్టపరిహార చట్టం వచ్చినప్పుడు వాళ్ల పేరు అందులో లేదు. 2005లో వాళ్లే ఒక సంఘం పెట్టుకుని, ఏ ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో అడిగి రాసుకున్నారు. చివరికి 2025లో చట్టంలోకి వచ్చారు. ఇంటిని సర్కారు నిలబెట్టింది, మనుషుల లెక్కను మనుషులే రాసుకోవలసి వచ్చింది.

ఇది మనకు దూరపు కథ కాదు. దేశమంతా యురేనియం వెతికే అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ బేగంపేటలోనే. నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేసే ప్రతిపాదన అక్కడి నుంచే వచ్చింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం దానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులతో పాటు రాష్ట్రమంతా గొంతెత్తింది. సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. యురేనియం కరెంటు కోసమే, బాంబు కోసం కాదని అంటారు. కావచ్చు. ఖాళీ చేయాల్సి వస్తే మాత్రం కరెంటు కోసమైనా పోయేది మన పెంటలే.

చెంచుల గురించి హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అది బయటివాడు బయటివాళ్ల కోసం రాసినది. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల పెంటల చరిత్రను వాటిలో పుట్టినవాళ్లే రాయాలి.

రాసుకోవడం ఉత్త ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అది సాక్ష్యం. బావి, బొందలగడ్డ, దేవుడి చోటు కూడా సాక్ష్యమే. అందుకే బడి పిల్లలతో ఈ పని మొదలుపెడదాం. ప్రతి పెంటకు ఒక నోటుబుక్కు చాలు. చెలిమ ఎక్కడుంది, తేనె దించే కొండచరియ పేరేమిటి, ఏ చెట్టు కింద ఏ తాతను పాతిపెట్టారు, ఎవరు ఎప్పుడు ఎందుకు లేచిపోవలసి వచ్చింది, అన్నీ రాయిద్దాం. చెప్పిన అవ్వ పేరు, తేదీ కింద వేయిద్దాం. గ్రామసభలో చదివి వినిపించి, ఒక నకలు అక్కడే దాచిపెడదాం.