ప్రమాదకర సరుకు రవాణా – రక్షణ నిబంధనల చరిత్ర: నరసన్నపేట రహదారి నేపథ్యం

వ్యాససంగ్రహం

పెట్రోలు, వంటగ్యాసు, అమ్మోనియా వంటి సరుకులను మోసే భారీ వాహనాల ప్రమాదాలకు సంబంధించి మనదేశంలో నిబంధనలు ఏర్పడిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సరుకు, కర్మాగారం, వాహనం, డ్రైవరు ఒక్కొక్కటిగా చట్టం దృష్టిలోకి వచ్చాయనీ, రహదారి పక్కన నివసించే మనిషికి మాత్రం ముందస్తు సమాచారంలో తగిన చోటు దక్కలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నరసన్నపేట, జాతీయ రహదారి, ట్యాంకర్లు, ప్రమాదకర రసాయనాలు, రక్షణ చట్టాలు.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట చెన్నై–కోల్‌కతా రహదారిపై ఉన్న వర్తక కేంద్రం. దక్షిణం నుంచి వచ్చే వాహనం మడపాం వద్ద వంశధారను దాటి ఈ ప్రాంతానికి చేరుతుంది. పర్లాకిమిడి వైపునుంచి వచ్చే 326ఎ జాతీయ రహదారి కూడా ఇక్కడే కలుస్తుంది. ఒకప్పటి 5వ నంబరు జాతీయ రహదారే నేటి 16వ నంబరు రహదారి.

దీనికి దక్షిణాన విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించాయి. ఉత్తరాన పారాదీప్ చమురుశుద్ధి కర్మాగారం 2016లో జాతికి అంకితమైంది. నరసన్నపేటలో అటువంటి కర్మాగారం లేదు; ఆ రెండు రేవు పట్టణాలను కలిపే దారి మాత్రం ఉంది. ఈ భేదమే ప్రస్తుత పరిశీలనకు మూలం.

2. చట్టాల పరిణామం

వలస పాలనాకాలపు 1884 పేలుడు పదార్థాల చట్టం, 1934 పెట్రోలియం చట్టం ప్రధానంగా సరుకును దృష్టిలో పెట్టుకొన్నాయి. లైసెన్సు, నిల్వ, పాత్ర, రవాణా వాటి విషయాలు. పీడనంతో నింపిన వాయువుల ట్యాంకులకు 1981లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి.

1984 డిసెంబరు నాటి భోపాల్ దుర్ఘటన తరువాత దృష్టి కర్మాగారం వైపు మళ్లింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వెలువడ్డాయి. భారీ ప్రమాదానికి అవకాశమున్న కర్మాగారం వెలుపలి జనం కోసం అత్యవసర ప్రణాళిక ఉండాలని ఈ నిబంధనలు ఆదేశించాయి. 1996 నిబంధనలు రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ నివారణ బృందాలను ఏర్పరచాయి.

కర్మాగారం చుట్టూ ఒక వలయం గీసి అందులోని ఊళ్లను లెక్కించవచ్చు. కదిలే ట్యాంకరుకు అటువంటి వలయం గీయడం సాధ్యం కాదు. అది ఏ ఊరి ముందు బోల్తా పడితే ఆ ఊరే దాని పరిసరం.

3. ప్రమాదాలు చెప్పిన పాఠాలు

1978 జులై 11న స్పెయిన్‌లోని లాస్ అల్ఫాకెస్ విడిది ప్రాంతం వద్ద పరిమితికి మించి ప్రొపిలీన్ నింపిన ట్యాంకరు పేలి రెండువందల మందికి పైగా మరణించారు. ఆ తరువాతే జనావాసాల గుండా ఇటువంటి వాహనాల రాకపోకలపై అక్కడ ఆంక్షలు వచ్చాయి.

గాలికంటే బరువైన వంటగ్యాసు నేలను అంటిపెట్టుకొని పాకుతుంది. నిప్పు తగిలే దాకా ప్రమాదం కంటికి కనబడదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో సుమారు 60 మందిని బలిగొన్న అగ్నిప్రమాదానికి కారణం ఈ గ్యాసే. కేరళలోని కన్నూరు సమీపాన చాలా వద్ద 2012 ఆగస్టులో ట్యాంకరు బోల్తా పడినప్పుడు మంటలు రోడ్డు పక్కనున్న ఇళ్లను చుట్టుముట్టాయి. సుమారు 20 మంది చనిపోయారు. 2024 డిసెంబరు 20న జైపూర్ శివార్లలో మలుపు తిరుగుతున్న ట్యాంకరును లారీ ఢీకొనగా గ్యాసు బయటకు చిమ్మి, పదుల సంఖ్యలో వాహనాలు కాలిపోయాయి.

పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియాలో 2017 జూన్ 25న జరిగింది మరోరకం విషాదం. బోల్తా పడిన ట్యాంకరు నుంచి కారుతున్న పెట్రోలును పట్టుకోవడానికి చేరిన జనంలో రెండువందల మందికి పైగా మంటల్లో మరణించారు. ఢీకొనడానికీ మంట లేవడానికీ నడుమ వ్యవధి ఉన్నా, దాని విలువ అక్కడ చేరినవారికి తెలియలేదు.

4. ఫలకం – పాఠకుడు

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 129 నుంచి 137 వరకు గలవి ఈ రవాణాకు సంబంధించినవి. సరుకు పంపేవారు పూర్తి సమాచారం ఇవ్వాలి. వాహనంపై అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. ప్రమాదం జరిగితే డ్రైవరు సమీప పోలీసు స్టేషనుకు తెలపాలి. 9వ నిబంధన ప్రకారం డ్రైవరు ప్రత్యేక శిక్షణ పొందడమే కాక, ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం తెలిసినవాడై ఉండాలి.

ఫలకంపై కనిపించే అంకెల వెనుక ఐక్యరాజ్యసమితి 1956లో తొలిసారి వెలువరించిన సిఫారసుల పరంపర ఉంది. 1203 పెట్రోలు, 1075 వంటగ్యాసు, 1005 అమ్మోనియా. అగ్నిమాపక సిబ్బందికి ఇది ప్రాణరక్షక భాష. అయితే ప్రమాదస్థలానికి మొదట చేరేది సాధారణంగా పక్క పొలంలోని రైతు, టీకొట్టు యజమాని, దారిన పోయే ప్రయాణికుడు. నిబంధనలు డ్రైవరు అక్షరాస్యతను పట్టించుకొన్నాయి. ఈ తొలి పాఠకుణ్ణి మాత్రం ఊహించలేదు.

1991 ప్రజా బాధ్యతా బీమా చట్టం వాహన రవాణాను కూడా తన పరిధిలోకి తెచ్చి, తప్పు నిరూపణతో పనిలేని పరిహారాన్ని కల్పించింది. మృతుని కుటుంబానికి నాడు నిర్ణయించిన మొత్తం 25,000 రూపాయలు. రోడ్డు పక్క మనిషి ఆ విధంగా చట్టంలోకి వచ్చాడు గాని, బాధితుడైన తరువాతనే వచ్చాడు.

5. ముగింపు

ఈ నిబంధనల చరిత్రలో జ్ఞానం నిపుణుల వద్ద పేరుకొంది, ప్రమాదం గ్రామస్థుల వాకిట నిలిచింది. ఆ దూరాన్ని తగ్గించడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తైన చోటికి పోవడం, నిప్పు రాజేయకపోవడం, ఫలకంపై అంకెను దూరం నుంచే చదవగలిగితే అధికారులకు చెప్పడం వంటివి రహదారి వెంట ఉన్న బడుల్లో, పంచాయతీల్లో తెలుగులో బోధించదగినవి. నరసన్నపేట వంటి ఊళ్లను రవాణాపటంలో కేవలం దాటిపోయే బిందువులుగా కాక, ప్రమాద ప్రణాళికలో భాగస్వాములుగా గుర్తించినప్పుడే ఈ చట్టాల పరిణామం పూర్తవుతుంది.